రక్తం పలికే సాక్ష్యం

రోగి ఎదుట కూర్చున్న వైద్యునికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ రోగం ఏమిటి అన్నది మొదటిది. ఇకమీద ఏమవుతుంది అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానం వైద్యుడు తనంతట తానే చెపుతాడు. రెండవ ప్రశ్న అడగడానికి రోగి భయపడతాడు; అతని బంధువులు వైద్యుణ్ణి గది వెలుపలికి పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. ప్రాచీన భారతీయ వైద్యులు ఈ రెండవ ప్రశ్నను చిన్నచూపు చూడలేదు. చరకసంహితలోని ఇంద్రియస్థానం పన్నెండు అధ్యాయాలూ మరణాన్ని సూచించే అరిష్టలక్షణాల పరిశీలనకే కేటాయించబడ్డాయి. రోగాలను వారు సుఖసాధ్యాలు, కష్టసాధ్యాలు, యాప్యాలు, అసాధ్యాలు అని నాలుగు తెగలుగా విభజించారు. వీటిలో యాప్యమన్న మాట ఆలోచింపదగినది. పూర్తిగా నయం కాకపోయినా, ఔషధంతోను పథ్యంతోను అదుపులో ఉంచుకుంటూ కాలం గడపదగిన రోగం యాప్యం. చికిత్స సాగినంతకాలం రోగి నిలబడతాడు. చికిత్స మానితే రోగం మళ్లీ తలెత్తుతుంది. హృదయధమనుల వ్యాధికి ఇంతకంటె తగిన పేరు నేటి వైద్యపరిభాషలో కూడ దొరకదు.

బొబ్బిలి అనగానే 1757 నాటి యుద్ధము, తాండ్ర పాపారాయుని శౌర్యము, గొల్లపల్లి వీణలు స్ఫురించడం సహజం. ఆ పట్టణం చుట్టుపక్కల పల్లెలో ఒక యాభై ఏళ్ల రైతుకు గుండెపోటు వచ్చిందనుకుందాం. అతణ్ణి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయించి విశాఖపట్నం చేరుస్తారు. మూసుకుపోయిన ధమనిని తెరిచి స్టెంటు అమర్చిన తరువాత, కొద్దిరోజులకు అతడు ఒక కాగితాల సంచితో ఇంటికి తిరిగి వస్తాడు. ఆ సంచిలో ఈ.సి.జి. కాగితము, మందుల చీటీ, రక్తపరీక్షల ఫలితాలు ఉంటాయి. ఇకమీద కాడి పట్టవచ్చునా, వచ్చే ఏడాది కూతురి పెళ్లికి ముహూర్తం పెట్టుకోవచ్చునా అన్నది ఆ ఇంటివారి ప్రశ్న. సంచిలోని అంకెలలో దీనికి కొంత సమాధానం ఉన్నది. అది ఎంత, ఎటువంటిది అన్నదే విచారణీయం.

గుండెజబ్బు పట్టణాలలోని ధనికుల వ్యాధి అన్న అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో మరణకారణాలను ఇంటింటా విచారించి పరిశోధకులు 2006లో ప్రకటించిన వివరాలు ఆ అభిప్రాయాన్ని తుడిచిపెట్టాయి. అక్కడి మరణాలలో దాదాపు మూడోవంతు గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన వ్యాధుల వలన సంభవించినవే. దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు ఇతర దేశాలవారికంటె సగటున ఆరేళ్లు ముందుగా, సుమారు 53 ఏళ్లకే వస్తున్నదని ఒక అంతర్జాతీయ పరిశోధన 2007లో తెలిపింది. అదే సంవత్సరం ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. పేదవారికి గుండె శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చేకొద్దీ రెండవ ప్రశ్న అడిగేవారి సంఖ్య కూడ పెరిగింది. బతికి ఇల్లు చేరినవారికే కదా భవిష్యత్తును గురించిన చింత!

రక్తంలో కొలవదగినదై, శరీరంలోని ఒక స్థితిని తెలియజేసే పదార్థాన్ని వైద్యులు బయోమార్కర్ అంటారు. దానిని రక్తసూచకం అనవచ్చు. మన తర్కశాస్త్రంలో దీనికి చక్కని పోలిక ఉంది. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని ఊహిస్తాము. కనిపించే పొగ లింగం; కనిపించని నిప్పును దాని ద్వారా గ్రహించడం అనుమానప్రమాణం. పొగకూ నిప్పుకూ ఉన్న విడదీయరాని సంబంధాన్ని తార్కికులు వ్యాప్తి అన్నారు. ఆ వ్యాప్తి నిజంగా ఉన్నదా అన్న పరీక్షకు నిలవని హేతువును హేత్వాభాసమని తోసిపుచ్చారు. రక్తసూచకాల చరిత్ర అంతా ఈ వ్యాప్తిని పరీక్షించిన చరిత్రే.

ఈ చరిత్రకు ఒక తెలుగువాని పేరుతో సంబంధం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1922లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం చేరుకున్నాడు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోను మూత్రంలోను ఉండే భాస్వరాన్ని నీలిరంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించాడు. ఆ పద్ధతి వారిద్దరి పేరుతో నేటికీ పాఠ్యగ్రంథాలలో నిలిచి ఉంది. అదే పనిముట్టుతో కండరాలను పరిశీలిస్తూ వారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. కండరం పనిచేసేటప్పుడు అది విడిపోయి శక్తినిస్తుంది; కండరం విశ్రమించినప్పుడు మళ్లీ కూడుకుంటుంది. ధాన్యపు గాదె పక్కన చేతికందేలా ఉంచుకున్న కుంచం వంటిది అది. ఈ విడిపోవడాన్నీ కూడుకోవడాన్నీ నడిపించే ఎంజైము క్రియాటిన్ కైనేజ్. క్షణం విశ్రాంతి లేక పనిచేసే గుండెకండరంలో అది సమృద్ధిగా ఉంటుంది. గుండెపోటులో కండరకణాలు చనిపోతే ఆ ఎంజైము రక్తంలోకి జారుతుంది. కాబట్టి రక్తంలో అది పెరిగితే కండరం దెబ్బతిన్నదని అర్థం. సుబ్బారావు ఈ ఉపయోగాన్ని ఊహించి పరిశోధన చేయలేదు. అతడు వెదికినది కండరానికి శక్తి ఎక్కడిదన్న రహస్యాన్ని. కాని ఆ రహస్యం తెలియకపోతే దానిపై నిలిచిన పరీక్ష కూడ పుట్టేది కాదు.

గుండెపోటుకు తొలి రక్తసూచకంగా గుర్తింపు పొందినది మాత్రం మరొక ఎంజైము. 1954లో న్యూయార్కు వైద్యులు ఎస్.జి.ఓ.టి. అనే ఎంజైము గుండెపోటు రోగుల రక్తంలో పెరుగుతుందని చూపారు. అయితే అది కాలేయంలోను విరివిగా ఉన్నది. నేడు ఆ పరీక్ష కామెర్ల రోగులకే ఎక్కువగా చేస్తారు. క్రియాటిన్ కైనేజ్‌కూ ఇటువంటి లోపం ఉన్నది. కాలిపిక్కకు గట్టి దెబ్బ తగిలినా, కూలివాడు బరువులు మోసి అలసిపోయినా అది పెరుగుతుంది. పొగ కనిపించింది గాని, మండుతున్నది ఏ ఇల్లో తెలియలేదు.

ఆ కొరతను తీర్చినది ట్రోపోనిన్. కండరం ముడుచుకోవడాన్ని అదుపుచేసే ఈ ప్రోటీను సముదాయాన్ని జపాను శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి 1960వ దశకంలో కనుగొన్నాడు. దీనిలోని రెండు భాగాలు గుండెకండరంలో ఒక రూపంలోను, ఒంటిలోని తక్కిన కండరాలలో మరొక రూపంలోను ఉంటాయి. గుండెకు చెందిన రూపాన్ని మాత్రమే పట్టుకొనే పరీక్షలు 1980వ దశకం చివర వెలువడ్డాయి. గుండెకణాలు చనిపోయిన కొద్దిగంటలలోనే ట్రోపోనిన్ రక్తంలో కనిపిస్తుంది. వారం, పది రోజుల వరకు నిలిచి ఉంటుంది.

మొదట ఇది గుండెపోటును నిర్ధారించే సాధనం మాత్రమే. 1996లో ప్రచురితమైన ఒక పరిశోధన దీనికి రెండవ ప్రశ్నతో ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. ఛాతీనొప్పితో ఆసుపత్రిలో చేరిన 1404 మంది రక్తంలో ట్రోపోనిన్‌ను కొలిచి, వారి గతిని 42 రోజులపాటు గమనించారు. అతి తక్కువ ట్రోపోనిన్ ఉన్నవారిలో నూటికి ఒకరు మరణించారు. అత్యధికంగా ఉన్నవారిలో నూటికి ఏడున్నర వంతున మరణించారు. ఈ రెంటికీ మధ్య అంకె పెరిగినకొద్దీ ప్రమాదమూ పెరిగింది. చేరిననాటి రక్తం నెలా పదిహేను రోజుల తరువాతి సంగతిని చెప్పగలిగినదన్నమాట.

దీర్ఘకాలాన్ని గురించిన సంగతి మరింత ఆసక్తికరమైనది. పరీక్షలు సూక్ష్మతరమైన తరువాత, గుండెపోటు లేకుండా నిలకడగా ఉన్న 3679 మంది హృద్రోగుల రక్తాన్ని పరిశీలించి, సుమారు ఐదేళ్లు వారిని వెన్నాడిన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. నూటికి 97 మందికి పైగా రక్తంలో ట్రోపోనిన్ జాడ కనిపించింది! అంటే బయటికి ఏ బాధా లేని గుండె నుండి కూడ ఈ ప్రోటీను అణుమాత్రంగా వెలువడుతూనే ఉన్నది. ఆ జాడ కొంచెం ఎక్కువగా ఉన్నవారిలో గుండెసంబంధమైన మరణాలు, హృదయవైఫల్యము ఎక్కువగా సంభవించాయి. అయితే ఇతర కారణాలను లెక్కలోకి తీసుకొన్న తరువాత, మరొక గుండెపోటు వస్తుందా అన్న విషయంలో ఆ అంకె ఏమీ చెప్పలేకపోయింది. ఇది గమనింపదగిన సంగతి. ఒకే సూచకం ఒక ప్రశ్నకు నోరు విప్పి, మరొక ప్రశ్నకు మౌనం వహిస్తుంది.

గుండె రక్తాన్ని తోడే యంత్రం మాత్రమేనని చాలాకాలం భావించారు. అది ఒక గ్రంథి కూడ అని 1981లో కెనడా దేశంలో తేలింది. ఎలుక గుండెలోని కర్ణికల సారాన్ని మరొక ఎలుకకు ఎక్కిస్తే అది విస్తారంగా ఉప్పును, నీటిని విసర్జించింది. 1988లో జపాను శాస్త్రవేత్తలు అటువంటి హార్మోనును పంది మెదడులో కనుగొని మెదడు పేరే పెట్టారు. తీరా చూస్తే దానిని ఎక్కువగా తయారుచేసేది గుండె జఠరికలేనని తెలిసింది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయి బి.ఎన్.పి. అయినది. శాస్త్రంలోను ఊళ్లకు పేర్లు పడినట్లే పడతాయి.

గుండెగోడ మీద ఒత్తిడి పెరిగి అది సాగినప్పుడు జఠరికలు ఈ హార్మోనును విడుదల చేస్తాయి. దానితోపాటు తెగివచ్చే తునక ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి కొలవడానికి అనువైనది. డెన్మార్కులో నిలకడైన గుండెజబ్బు ఉన్న 1034 మందిని సుమారు తొమ్మిదేళ్లు పరిశీలించిన ఫలితాలు 2005లో వచ్చాయి. ఆ కాలం తరువాత జీవించి ఉన్నవారిలో ఈ తునక మధ్యమ విలువ, పరిశీలన మొదలైననాడు, మిల్లీలీటరుకు 120 పైకోగ్రాములు. మరణించినవారిలో 386. వయసు, మధుమేహం, గుండె తోడే శక్తి మొదలైనవన్నీ లెక్కించిన తరువాత కూడ ఈ భేదానికి స్వతంత్రమైన విలువ నిలిచింది. ట్రోపోనిన్ కణాల మరణాన్ని చెపితే, ఇది గుండె పడుతున్న శ్రమను చెపుతుంది.

ఇంతవరకు వచ్చిన తరువాత ఒక చిక్కు ఎదురవుతుంది. అది ఉత్తరాంధ్రకు మరీ దగ్గరి చిక్కు. బొబ్బిలికి ఈశాన్యంగా, శ్రీకాకుళం జిల్లా కొసన ఉన్న ఉద్దానం ప్రాంతంలో వేలాదిమంది మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాలలో చదువురాని కొబ్బరితోట కూలీకి కూడ క్రియాటినిన్ అనే మాట పరిచితమే. అక్కడి రోగులకోసం పలాసలో 200 పడకల ఆసుపత్రిని, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. ఈ క్రియాటినిన్ మరేదో కాదు. సుబ్బారావు కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్ కండరాలలో నిత్యమూ కొద్దికొద్దిగా మారి ఏర్పడే వ్యర్థపదార్థం. ఆరోగ్యవంతమైన మూత్రపిండాలు దానిని వడపోసి పంపివేస్తాయి. వడపోత మందగిస్తే అది రక్తంలో పేరుకుపోతుంది.

గుండెరోగి భవిష్యత్తును అంచనా వేయడంలో ఈ పాత పరీక్షకు నేటికీ ముఖ్యస్థానం ఉంది. గుండెపోటు వచ్చినవారి ప్రమాదాన్ని లెక్కగట్టడానికి ప్రపంచమంతటా వాడే గ్రేస్ పద్ధతిలో వయసు, నాడివేగం, రక్తపోటు, ట్రోపోనిన్ వంటి వాటితోపాటు క్రియాటినిన్ కూడ చేరి ఉంటుంది. మూత్రపిండం దెబ్బతిన్నవారిలో గుండెజబ్బు ముదరడం సాధారణం. ఇంతేకాక మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలో ట్రోపోనిన్, బి.ఎన్.పి. రెండూ సాధారణంగానే హెచ్చుగా ఉంటాయి. పొగగూడు మూసుకుపోయిన వంటింట్లో చిన్న పొయ్యి రాజేసినా ఇల్లంతా పొగ కమ్ముకున్నట్లు! అట్లని ఆ పొగను లెక్కచేయకుండా ఉండరాదు. మూత్రపిండ రోగులలోను ఆ అంకెలు ఎక్కువగా ఉన్నవారికే ప్రమాదం ఎక్కువ. ఉద్దానం రోగి ఛాతీనొప్పితో వచ్చినప్పుడు ఒక్క అంకెను చూసి గుండెపోటని తీర్మానించడమూ తప్పే, మూత్రపిండాల వల్లనేనని తోసివేయడమూ తప్పే. మూడు గంటల తరువాత మరొకసారి రక్తం తీసి, అంకె కదిలిందా, నిలకడగా ఉన్నదా అని చూడాలి. కదులుతున్న అంకె కొత్తగా రేగిన నిప్పును చెపుతుంది. ఆ వ్యాప్తిని స్థాపించిన పరిశోధనలలో ఎక్కువ భాగం పాశ్చాత్యదేశాల రోగులపై జరిగినవన్న సంగతి కూడ ఇక్కడ మరువరాదు.

సూచకం వేరు, కారణం వేరు. ఈ భేదాన్ని గుర్తించక వైద్యలోకమే కొంతకాలం పొరబడింది. రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం హెచ్చుగా ఉన్నవారికి గుండెజబ్బులు ఎక్కువగా వస్తున్నాయని అనేక పరిశీలనలు తెలిపాయి. దానిని తగ్గించే మార్గం సులభమైనది, చవకైనది: ఫోలిక్ ఆమ్లం. ఈ విటమిన్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధకబృందానికి నాయకుడు ఆ సుబ్బారావే. మరి ఫోలిక్ ఆమ్లంతో గుండెను కాపాడవచ్చునని ఆశ కలగడంలో వింత లేదు. 5522 మందిపై సుమారు ఐదేళ్లపాటు జరిపిన పరిశోధన ఫలితం 2006లో తెలిసింది. హోమోసిస్టీన్ తగ్గింది. గుండెసంబంధమైన మరణాలు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. పొగను విసనకర్రతో చెదరగొట్టారు. నిప్పు నిప్పుగానే ఉంది. రక్తహీనతకు అమృతంలా పనిచేసిన ఔషధం ఇక్కడ పనిచేయకపోవడం దాని లోపం కాదు. ప్రశ్నే తప్పు.

దీనికి ఎదురుగా ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్‌ను నిలిపి చూడాలి. ఇది సూచకమూ కారణమూ కూడ. ధమనిగోడలలో చేరి గట్టిపడే కొవ్వు ఇదే. 1994లో వెలువడిన స్కాండినేవియా పరిశోధనలో 4444 మంది హృద్రోగులలో సగం మందికి కొలెస్టరాల్‌ను తగ్గించే స్టాటిన్ ఔషధం ఇచ్చారు. ఐదేళ్లకు పైబడిన కాలంలో ఔషధం తీసుకోనివారిలో నూటికి 12 మంది, తీసుకొన్నవారిలో 8 మంది మరణించారు. గుండెపోటు వచ్చినవారిలో ఎల్.డి.ఎల్.ను డెసిలీటరుకు 55 మిల్లీగ్రాములకు లోపల ఉంచాలని ఐరోపా వైద్యులు 2019లో సూచించారు. ల్యాబు కాగితం మీద ‘సాధారణం’ అని 100 వరకు అచ్చువేసి ఉండడం చూసి, తనకు అంతా బాగున్నదని మందు మానివేసే రోగులు లేకపోలేదు. ఆ అచ్చు ఆరోగ్యవంతులకోసం. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి గీత వేరు.

మరి బొబ్బిలి రైతు ప్రశ్నకు అంకెలు ఏమని సమాధానమిస్తాయి? నూటికి ఏడున్నర అన్న మాట వందమంది సమూహానికి చెందినది. ఆ వందమందిలో తాను ఏడుగురిలో ఉన్నాడో, తక్కినవారిలో ఉన్నాడో ఏ పరీక్షా చెప్పలేదు. అరిష్టలక్షణం కనిపిస్తే మరణం నిశ్చయమన్నారు ప్రాచీనులు. నేటి రక్తసూచకానికి అంత ధైర్యం లేదు. అంత కాఠిన్యమూ లేదు. అది సంభావ్యతను మాత్రమే చెపుతుంది. పైగా సంభావ్యత మారుతుంది. నిరుడు పెరిగి ఉన్న బి.ఎన్.పి. చికిత్స వలన ఈ ఏడు తగ్గవచ్చు, దానితోపాటు ప్రమాదమూ తగ్గవచ్చు.

అయితే అంకెను చూడడం వేరు, చూసి పని చేయడం వేరు. హృదయవైఫల్యం ఉన్న 894 మందిలో, బి.ఎన్.పి. తునక అంకెను లక్ష్యంగా పెట్టుకొని చికిత్స చేస్తే మామూలు చికిత్సకంటె మేలు కలుగుతుందేమోనని పరిశీలించారు. అదనంగా ఏ మేలూ కలగలేదని 2017లో తేలింది. 2022లో ప్రచురితమైన మరొక పరిశోధన ఫలితం ఇందుకు భిన్నం. ఆసుపత్రి నుండి ఇంటికి పంపిన మొదటి ఆరువారాలలో రోగిని పలుమార్లు పిలిపించి, ఒళ్లు పరీక్షించి, రక్తంలో ఆ తునకను కొలిచి, మందుల మోతాదును త్వరగా పూర్తిస్థాయికి పెంచారు. ఆరునెలలలో మరణించినవారు, హృదయవైఫల్యంతో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు కలిసి మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 23 మందికి పైగా ఉండగా, ఈ విధంగా చూసినవారిలో 15 మంది మాత్రమే. అంకె ఇక్కడ కూడ ఉన్నది; కాని దాని వెంట వైద్యుడు, వైద్యుని వెంట ఔషధం ఉన్నాయి. బొబ్బిలి నుండి విశాఖకు వెళ్లిరావడమంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు ఖర్చు, ఒక తోడుమనిషి. బాధ లేనప్పుడు ఇదంతా దండగ అనిపిస్తుంది. రక్తం తీయడానికి అంతదూరం పోనక్కరలేదు. పాత కాగితాన్ని కొత్త కాగితం పక్కన పెట్టి చదివే వైద్యుడు దగ్గరలో ఉంటే చాలు. ఆ పాత కాగితం పారవేయకుండా దాచి ఉండాలి.

రోగి రక్తం అతనిని గురించే గాక అతని సంతానాన్ని గురించి కూడ చెప్పే సందర్భం ఒకటి ఉన్నది. 1963లో నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ కనుగొన్న లైపోప్రోటీన్-ఎ అనే కొవ్వుపదార్థం ఎల్.డి.ఎల్.ను పోలినది. ఎవరి రక్తంలో అది ఎంత ఉండాలన్నది చాలావరకు జన్మతః నిర్ణయమైపోతుంది; ఆహారనియమాల వలన, వ్యాయామం వలన పెద్దగా మారదు. అందుచేత దానిని జీవితంలో ఒక్కసారి కొలిస్తే చాలు. దక్షిణాసియా వాసులలో ఇది హెచ్చుగా ఉండడం తరచు కనిపిస్తుంది. చిన్నవయసులో గుండెపోటు వచ్చిన తండ్రి రక్తంలో ఇది ఎక్కువగా ఉన్నట్లు తేలితే, కళాశాలలో చదువుతున్న కొడుకును, కూతురిని కూడ ఆ ఒక్కసారి పరీక్షకు పిలవడం వైద్యులు పాటిస్తున్న పద్ధతి. వారిలోను ఎక్కువగా ఉంటే దానిని తగ్గించడం సులభం కాదు. పొగాకు జోలికి పోకుండడం, రక్తపోటును, ఎల్.డి.ఎల్.ను ఇరవయ్యో ఏటినుండే గమనించుకుంటూ ఉండడం వారి చేతిలోని పని.